పిల్లవాడు మొండివాడా, మట్టి మారిందా?

(కమ్యూనిటీ రేడియో ఆదివారం కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మాట్లాడిన తీరును వీలైనంతవరకు అలాగే ఉంచాం.)

ఎడిసన్‌లోనూ, చుట్టుపక్కల ఇజిలిన్, పిస్కాటవే, సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్‌లలోనూ, కారులో వెళ్తూనో, వంటింట్లో పోపు వేసుకుంటూనో వింటున్న మీ అందరికీ శుభోదయం. ఈవేళ మన విషయం మనస్తత్వ శాస్త్రం. పేరు వినగానే రేడియో కట్టేయకండి. ఫ్రాయిడ్ ఏమన్నాడు, పియాజే ఏమన్నాడు అని వరసగా పాఠం అప్పజెప్పడానికి రాలేదు నేను. మనం రోజూ ఇంట్లో పిల్లల గురించి అనుకునే మాటల్లోనే ఆ పెద్ద పెద్ద సిద్ధాంతాలు చాలావరకు ఉన్నాయి. అవి దేశం మారి వచ్చిన మనబోటివాళ్ళకి ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ తికమక పెడతాయి అన్నది చూద్దాం. ఇంకొక మాట. నేను ఈ శాస్త్రం చదువుకున్న మనిషినే గాని వైద్యం చేసే మనిషిని కాను.

మూడు సామెతలతో మొదలుపెడతాను. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అన్నది ఒకటి. "మొక్కై వంగనిది మానై వంగునా" అన్నది రెండోది. "ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు" అన్నది మూడోది. మన ఇళ్ళలో ఒకే పెద్దమ్మ ఒకే రోజున ఈ మూడూ అనగలదు. పొద్దున్న మనవడు పాలగ్లాసు విసిరికొడితే మొదటిది, మధ్యాహ్నం కోడలు వాణ్ణి గారాబం చేస్తుంటే రెండోది, సాయంత్రం వాడు పక్కింటి పిల్లల యాసలో మాట్లాడుతుంటే మూడోది. ఒకదానికొకటి పొసగవని ఆవిడకీ తెలుసు, మనకీ తెలుసు. అయినా మూడూ నిజమేననిపిస్తాయి.

సరిగ్గా ఈ మూడు సామెతల మీదే మనస్తత్వ శాస్త్రం వందేళ్ళకి పైగా కొట్టుకుంది. స్వభావం పుట్టుకతోనే వస్తుందన్నవాళ్ళు ఒక పక్షం. చిన్నతనంలో పడిన ముద్రే మనిషి అన్నవాళ్ళు రెండో పక్షం. ఫ్రాయిడ్ ఐదారేళ్ళ లోపలే అసలు కథ అయిపోతుందన్నాడు. మూడో పక్షం అమెరికాలో పుట్టిన ప్రవర్తనావాదం. దాని మూలపురుషుడు జాన్ వాట్సన్, ఆరోగ్యంగా ఉన్న పన్నెండుమంది పసిపిల్లల్ని నా చేతికివ్వండి, వాళ్ళ తాతతండ్రులెవరైనా సరే, డాక్టరు కావాలంటే డాక్టర్ని, దొంగ కావాలంటే దొంగని చేసి చూపిస్తాను అన్నాడు. అన్నాడే గాని చూపించలేదు. 1920లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం వదిలిపెట్టాల్సి వచ్చి, న్యూయార్కులో ప్రకటనల కంపెనీలో చేరాడు. 1928లో పిల్లల పెంపకం మీద పుస్తకం రాస్తూ, పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోకండి, ముద్దులాడకండి, పొద్దున లేవగానే కరచాలనం చేయండి చాలు అని తల్లులకి చెప్పాడు. మన అమ్మమ్మలు వింటే ఏమనేవారో మీరే ఊహించుకోండి. శాస్త్రం పేరుతో వచ్చిన ప్రతిమాటా తలకెక్కించుకోనక్కర్లేదని చెప్పడానికే ఇది చెప్పాను.

ఈ తగువు ఇప్పుడు ఎక్కడికొచ్చిందంటే, కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాల వల్ల, మనుషుల స్వభావాల్లో కనిపించే తేడాల్లో దగ్గర దగ్గర సగం వంశపారంపర్యం నుంచి వస్తుందని చాలామంది ఒప్పుకుంటున్నారు. ఇక్కడ జాగ్రత్తగా వినండి. మీ అబ్బాయి కోపంలో సగం వాళ్ళ నాన్నది, సగం స్కూలుది అని లెక్క తీయడానికి ఇది పనికిరాదు. ఇది వెయ్యిమందిని పక్కపక్కన పెట్టి చూసినప్పుడు వాళ్ళ మధ్య ఉన్న తేడాల లెక్క. ఒక పిల్లవాడి లెక్క వేరు.

ఆ ఒక్క పిల్లవాడి లెక్కని నాకు తెలిసినంతలో బాగా పట్టుకున్నవాళ్ళు ఒక భార్యాభర్తలు. స్టెల్లా చెస్, అలెగ్జాండర్ థామస్ అని ఇద్దరూ మానసిక వైద్యులు, మనకి పొరుగునే న్యూయార్కులో ఉండేవాళ్ళు. 1956లో మొదలుపెట్టి 133 మంది పిల్లల్ని నెలల వయసు నుంచి పెద్దవాళ్ళయ్యేదాకా చూస్తూ వచ్చారు. పసిబిడ్డ ఎంత కదులుతుంది, నిద్రా ఆకలీ వేళకి వస్తాయా, కొత్త మనిషి కనిపిస్తే దగ్గరికి పోతుందా వెనక్కి తగ్గుతుందా, మార్పుకి ఎంత త్వరగా అలవాటు పడుతుంది, ఏడిస్తే ఎంత గట్టిగా ఏడుస్తుంది, ఇలా తొమ్మిది విషయాలు రాసుకున్నారు. నూటికి నలభైమంది సుళువైన పిల్లలు. పదిమంది కష్టమైన పిల్లలు. మరో పదిహేనుమంది నెమ్మదిగా కలిసేవాళ్ళు. మొదట దూరంగా నిలబడి, పది రోజులు చూసి, అప్పుడు ఆటలో దిగేవాళ్ళు. మిగతా ముప్ఫై అయిదుమంది ఏ గంపలోనూ పట్టలేదు. ఆ సంగతి దాచకుండా చెప్పినందుకే నాకు వాళ్ళమీద గౌరవం.

అయితే వాళ్ళు చెప్పిన అసలు విషయం ఈ గంపలు కాదు. పిల్లల్లో ఏ స్వభావమూ తనంతట తాను మంచీ కాదు, చెడ్డా కాదు. ఆ పిల్లవాడికీ వాడు పెరిగే చోటుకీ పొందిక కుదిరిందా లేదా అన్నదే లెక్క అన్నారు. ఇది వాళ్ళకి బాగా తేటపడింది ఎక్కడంటే, న్యూయార్కులోనే ఉన్న ప్యూర్టోరికో కుటుంబాల పిల్లల్ని కూడా చూసినప్పుడు. అవి పనిపాటలు చేసుకునే కుటుంబాలు. ఆ ఇళ్ళలో పిల్లలు నిద్రొచ్చినప్పుడు పడుకుంటారు, నిద్రొచ్చేదాకా పెద్దవాళ్ళ మధ్యే తిరుగుతుంటారు. నిద్రకి వేళాపాళా లేని పిల్లవాడు అక్కడ ఎవరికీ సమస్య కాడు. అదే స్వభావం ఉన్న పిల్లవాడు మధ్యతరగతి అమెరికన్ ఇంట్లో పుడితే, ఎనిమిదింటికి పడుకోనందుకు వాడు రోజూ ఒక యుద్ధం. మరి ప్యూర్టోరికో పిల్లవాడికి ఐదేళ్ళొచ్చి బడిలో వేశాక? పొద్దున్నే లేవాలి. అప్పుడు వాడూ సమస్య అయిపోయాడు. పిల్లవాడు మారలేదు. గడియారం మారింది.

ఇక్కడ మీలో కొందరు నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. రాత్రి తొమ్మిదింటికి మెట్రోపార్కు స్టేషన్‌లో రైలు దిగి వచ్చిన నాన్న, అప్పుడు అన్నాలు, అప్పుడు ఇండియాకి ఫోను, పిల్లవాడు పది దాటేదాకా మెలకువగా తిరుగుతూ, ఆ తర్వాత అమ్మా నాన్నల మధ్య పడుకోవడం మన ఇళ్ళలో కొత్తేమీ కాదు. గుంటూరులో అది ముచ్చట. ఇక్కడ పిల్లల డాక్టరు దగ్గర అది ఒక ఫారమ్‌లో 'నిద్ర సమస్య' అనే గడిలో టిక్కు.

ఇంకొకటి కూడా వాళ్ళు చూశారు. చిన్న చిన్న అపార్టుమెంట్లలో, వీధిలోకి పంపడానికి భయపడే తల్లిదండ్రుల దగ్గర, ఒళ్ళంతా చురుకున్న పిల్లలు ఎక్కువ ఇబ్బంది పడ్డారు. మన దగ్గర కొత్తగా వచ్చిన కుటుంబాలు మొదట దిగేది అపార్టుమెంట్లలోనే కదా. రెండో అంతస్తు, చెక్క నేల, కింద ఉన్నవాళ్ళు చీపురు కర్రతో పైకప్పు పొడవడం, "పరిగెత్తకురా" అని రోజుకి వందసార్లు మనం అరవడం. ఊళ్ళో తాతయ్యగారి ఇంట్లో ముందు వాకిలి, వెనక దొడ్డి, సందులో పదిమంది పిల్లలు. అక్కడ 'హుషారైన పిల్లవాడు', ఇక్కడ మూడు నెలల్లో 'హైపర్'. నేను చెప్పేది ఏకాగ్రత లోపం అనే జబ్బు లేదని కాదు. అది ఉంది, దానికి వైద్యం ఉంది. కాని ఆ మాట అనుకునే ముందు పిల్లవాడు రోజుకి ఎన్ని గంటలు ఆరుబయట ఉంటున్నాడో ఒకసారి లెక్కపెట్టండి. జనవరిలో మరీను.

మరి బిడియం సంగతి? పేరెంట్-టీచర్ కాన్ఫరెన్స్‌కి వెళ్ళొచ్చిన తల్లులు నాతో ఎక్కువగా అనే మాట, "చదువు బాగానే ఉందిటండీ, క్లాసులో నోరు విప్పదుట" అని. మనం పెరిగిన బళ్ళలో నోరు విప్పనివాడే బుద్ధిమంతుడు. ఇక్కడ నోరు విప్పనివాడికి ఏదో వెలితి. దీనిమీద షిన్యిన్ చెన్ అనే పరిశోధకుడు షాంఘైలో చేసిన పని చాలా బాగుంటుంది. 1990లో షాంఘై బళ్ళలో బిడియస్తులైన పిల్లలంటే తోటివాళ్ళకీ ఇష్టమే, టీచర్లకీ ఇష్టమే. వాళ్ళని నాయకులుగా కూడా ఎన్నుకునేవారు. అదే స్వభావం ఉన్న పిల్లల్ని కెనడాలో తోటివాళ్ళు దూరం పెట్టేవారు. ఇంతవరకూ అయితే తూర్పు వేరు, పడమర వేరు అని ఊరుకోవచ్చు. కాని ఆయన అదే షాంఘైలో 1998లో మళ్ళీ చూశారు, 2002లో మళ్ళీ చూశారు. ఈ పన్నెండేళ్ళలో ఆ ఊళ్ళో మార్కెట్టు వచ్చింది, పోటీ వచ్చింది, చొరవ ఉన్నవాడికి విలువ పెరిగింది. 1998కి ఫలితాలు అటూ ఇటూగా ఉన్నాయి. 2002కి వచ్చేసరికి బిడియస్తుల్ని అక్కడా తోసేస్తున్నారు, వాళ్ళలో దిగులు కనిపిస్తోంది. అంటే దేశం దాటనక్కర్లేదు, ఉన్న ఊరు మారినా పొందిక చెడుతుంది.

అందుకని అమ్మాయి నోరు విప్పకపోతే ఏం చేయాలంటే, ముందు ఆ అమ్మాయి నెమ్మదిగా కలిసే రకమా, లేక భయపడుతోందా అన్నది చూసుకోవాలి. నెమ్మదిగా కలిసే పిల్లల్ని స్టేజీ ఎక్కించి "పాడవే, పాడవే" అని నలభైమంది అంకుల్స్ ముందు నిలబెడితే ఇంకా ముడుచుకుపోతారు. వెనక్కి తగ్గనిచ్చి అసలే పంపకపోతే, అలవాటు పడే అవకాశమే ఉండదు. చెస్, థామస్‌లు చెప్పింది ఈ రెంటికీ మధ్య దారి: తోయకండి, తప్పించకండి, అదే చోటికి మళ్ళీ మళ్ళీ తీసుకెళ్ళండి. బడి తెరిచే ముందు ఖాళీ క్లాసు చూపించడం, ఒక్క స్నేహితురాలిని ఇంటికి పిలవడం, ఇలాంటి చిన్న పనులే. టీచరుతో కూడా ఈ మాట చెప్పవచ్చు. 'మా అమ్మాయికి మొదటి రెండు వారాలు టైమివ్వండి' అంటే వాళ్ళకి బాగానే అర్థమవుతుంది.

ఇప్పుడు కాసేపు పిల్లల్ని వదిలేసి మన గురించి మాట్లాడుకుందాం. మనిషి చేసిన పనికి కారణం చెప్పమంటే మనం ఏం చెబుతాం? 1984లో జోన్ మిల్లర్ అనే ఆవిడ ఒక పరిశోధన ప్రచురించారు. షికాగోలో కొందరినీ, మన పక్క రాష్ట్రంలో మైసూరులో కొందరినీ తీసుకున్నారు. ఎనిమిదేళ్ళ పిల్లలు, పదకొండేళ్ళవాళ్ళు, పదిహేనేళ్ళవాళ్ళు, పెద్దవాళ్ళు. మీకు తెలిసినవాళ్ళు చేసిన మంచిపనులూ, చెడ్డపనులూ చెప్పి, ఎందుకు చేశారో చెప్పమన్నారు. షికాగో పెద్దవాళ్ళు ఎక్కువగా ఆ మనిషి గుణం చెప్పారు: స్వార్థపరుడు, బాధ్యత లేనివాడు అని. మైసూరువాళ్ళు ఎక్కువగా పరిస్థితి చెప్పారు: ఉద్యోగం లేదు, అప్పులున్నాయి, వాళ్ళన్నయ్యకి మాటిచ్చాడు అని. గుణం మీదకి నెట్టేయడం అమెరికన్లలో రెండింతలకి పైగా ఉంది. అయితే ఎనిమిదేళ్ళ పిల్లల్లో మాత్రం ఆ ఊరికీ ఈ ఊరికీ పెద్ద తేడా లేదు. ఆ తేడా పెరుగుతూ పెరుగుతూ నేర్చుకున్నది.

దీన్ని మన భాషలో కూడా చూడవచ్చు. ఇది నా సొంత గమనిక, ఏ పుస్తకంలోనూ లేదు, కాబట్టి అంతవరకే తీసుకోండి. పిల్లల గురించి తెలుగులో మనం వాడే మాటలు చూడండి. అలిగింది. మారాం చేస్తోంది. పేచీ పెట్టాడు. మొండికేశాడు. బద్ధకిస్తోంది. బిక్కమొహం వేశాడు. బిడియపడుతున్నాడు. ఇవన్నీ క్రియలు. ఎప్పుడో మొదలవుతాయి, ఎప్పుడో అయిపోతాయి. పొద్దున అలిగిన పిల్ల మధ్యాహ్నానికి నవ్వుతుంది. అదే మనం ఇక్కడికొచ్చి "వీడు షై", "ఇది లేజీ", "పెద్దాడు యాంగ్రీ కిడ్ అండీ" అనడం మొదలుపెడతాం. ఇవి విశేషణాలు. మొదలూ లేదు, చివరా లేదు. పిల్లవాడి నుదుటి మీద అతికించినట్టుంటాయి. తెలుగులో మాత్రం 'మొండిఘటం', 'పెంకిపిల్ల' లేవా అంటారు. ఉన్నాయి. కాకపోతే మనకి రెండూ ఉన్నాయి, ఇక్కడ ఒకటే అలవాటైపోతోంది.

విశేషణాల మీద ఇంగ్లీషువాళ్ళ శాస్త్రం ఎంత ఆధారపడిందో చెబితే ఆశ్చర్యపోతారు. 1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ అని ఇద్దరు, వెబ్‌స్టర్ నిఘంటువు ముందు పెట్టుకుని, మనుషుల తీరుని వర్ణించే మాటలన్నీ ఏరారు. పద్ధెనిమిదివేల దాకా తేలాయి. అందులో నిలకడైన గుణాలని చెప్పదగ్గవి నాలుగున్నర వేలు. తర్వాతివాళ్ళు వాటిని కుదించి, కుదించి, చివరికి ఐదు మూలగుణాలకి తెచ్చారు: కొత్తదనం మీద ఆసక్తి, పనిలో క్రమశిక్షణ, కలుపుగోలుతనం, సౌమ్యత, త్వరగా కలవరపడడం. ఇప్పుడు వ్యక్తిత్వం మీద పరిశోధన చేసేవాళ్ళలో ఎక్కువమంది ఈ ఐదింటినే కొలుస్తారు, కొలతా బాగానే నిలబడుతోంది. మీ ఆఫీసుల్లో హెచ్ఆర్ వాళ్ళు నాలుగక్షరాల పరీక్ష ఇంకొకటి పెడుతుంటారే, ఐ-ఎన్-టి-జె అనీ ఇంకోటనీ, అది వేరే. కొన్ని వారాల తర్వాత మళ్ళీ రాస్తే చాలామందికి అక్షరాలు మారిపోతాయి. సరదాకి బాగుంటుంది, సంబంధాలు చూడడానికి వాడకండి. అన్నట్టు మన 'గడుసు' అనే మాటకి ఆ పద్ధెనిమిదివేలలో సరిగ్గా సరిపోయేది ఉందా అని నాకెప్పుడూ అనుమానమే.

మనకి మన సిద్ధాంతాలు లేవా అని కొందరు అడుగుతారు. సత్త్వ రజస్తమో గుణాల దగ్గర్నుంచి ఉన్నాయి. వాటిని నేటి మనస్తత్వ శాస్త్రం పక్కన కూర్చోబెట్టడానికి జీవితమంతా పనిచేసిన తెలుగాయన కోనేరు రామకృష్ణారావు గారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులు, తర్వాత ఉపాధ్యక్షులు, మధ్యలో నార్త్ కరోలినాలో కూడా చాలాకాలం పనిచేశారు. 2021లో పోయారు. ఆయన అతీంద్రియ శక్తుల పరిశోధన నాకు అంతగా రుచించదు గాని, 2008లో ఇంకో ఇద్దరితో కలిసి తెచ్చిన భారతీయ మనస్తత్వ శాస్త్ర సంకలనం మాత్రం ఇంట్లో ఉండవలసిన పుస్తకం.

ఇక ఆరు నెలల సామెత దగ్గరికి వద్దాం. మన ఇళ్ళలో ఆరు నెలలు అనగానే గుర్తొచ్చేది విజిటర్ వీసా. అమ్మమ్మ వస్తుంది, సాధారణంగా ఆరు నెలలుంటుంది, పిల్లదానికి అన్నం కలిపి పెడుతుంది, పక్కలో పడుకోబెట్టుకుని కథలు చెబుతుంది. సరిగ్గా 'వారు వీరయ్యే' సమయానికి న్యూయర్క్ విమానాశ్రయంలో చెక్-ఇన్ లైనులో నిలబడి ఉంటుంది. ఆ తర్వాత కొన్నాళ్ళకి అమ్మమ్మ వీడియోలో కనిపిస్తే పిల్ల ఫోను దగ్గరికి రాదు. వచ్చినా తల తిప్పేసుకుంటుంది. అక్కడ అమ్మమ్మ కళ్ళనీళ్ళు, "అప్పుడే మర్చిపోయిందే". ఇక్కడ అమ్మ కోపం, "అమ్మమ్మకి హాయ్ చెప్పవేం?"

మర్చిపోలేదు. ఇంగ్లండులో జాన్ బౌల్బీ, ఆయనతో పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ ఈ సంగతి 1950ల్లోనే చూపించారు. రాబర్ట్‌సన్ 1952లో ఒక సినిమా తీశాడు. రెండేళ్ళ పాపని ఆస్పత్రిలో చేర్చారు, ఆ రోజుల్లో తల్లిని ఉండనిచ్చేవారు కాదు, అంతే కథ. దగ్గరి మనిషి దూరమైతే పసిపిల్లలు మొదట గొడవ చేస్తారు, తర్వాత దిగులు పడిపోతారు, ఆ తర్వాత పట్టనట్టు ఉంటారు. ఈ మూడోదశ చూసి పెద్దవాళ్ళు 'హమ్మయ్య, సర్దుకుంది' అనుకుంటారు. అది సర్దుకోవడం కాదు, తలుపు వేసుకోవడం. బౌల్బీకి ఇది పుస్తకాల్లో దొరికిన విషయం కాదు. ఆయన్ని పెంచింది ఆయా. ఆయనకి నాలుగేళ్ళు నిండకముందే ఆవిడ పని మానేసి వెళ్ళిపోయింది. తల్లి పోయినట్టే అనిపించిందని పెద్దయ్యాక కూడా చెప్పుకున్నాడు.

ఈ సిద్ధాంతాన్ని మన తల్లుల నెత్తిన రాయిలా పెట్టినవాళ్ళూ ఉన్నారు, తల్లి ఒక్కర్తే బిడ్డని చూడాలి, ఉద్యోగానికి పోతే పాపం అని. అలా అక్కర్లేదు. బౌల్బీతో పనిచేసిన మేరీ ఎయిన్స్‌వర్త్ 1950ల మధ్యలో ఉగాండా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చూసింది. అక్కడ పసిపిల్లలకి తల్లితోబాటు ఇంకొందరితోనూ గట్టి అనుబంధం ఉంది. అమ్మమ్మ, నాయనమ్మ, పిన్ని, ఇంతమంది ఉండడం మంచిదే. ఇబ్బంది వచ్చేది వాళ్ళు చెప్పాపెట్టకుండా మాయమైనప్పుడు. మనవాళ్ళు చాలామంది పిల్ల ఏడుస్తుందని నిద్రపోతుండగా అమ్మమ్మని ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళిపోతారు. దయచేసి అలా చేయకండి. ఏడ్చినా సరే, చెప్పి వెళ్ళనివ్వండి. ముందునుంచే క్యాలెండరు మీద రోజులు చూపించండి. ఆవిడ కప్పుకున్న పాత చీర ఒకటి పిల్ల పక్కలో ఉంచండి. ఫోను దగ్గరికి రాకపోతే బలవంతపెట్టకండి. అమ్మమ్మ ఊరికే కథ చెబుతూ ఉంటే, పక్క గదిలోంచి వింటుంది.

ఏడాది, రెండేళ్ళు పిల్లల్నే ఇండియాలో వదిలి వచ్చిన కుటుంబాలు కూడా మనలో ఉన్నాయి. చైనావాళ్ళలో ఇది ఇంకా ఎక్కువ, 'శాటిలైట్ బేబీలు' అని దానికి పేరే ఉంది. ఎందుకు వదిలారని నేను అడగను. రెండు ఉద్యోగాలు, డేకేర్ ఖర్చు, వీసా కంగారు, ఎవరి పరిస్థితి వాళ్ళది, మైసూరువాళ్ళలాగే ఆలోచిద్దాం. కాని తిరిగి తెచ్చుకున్న రోజున పిల్లవాడు మన మెడ చుట్టేసుకుంటాడని ఎదురుచూడకండి. మనకది తిరిగి కలుసుకోవడం. వాడికది తాతమ్మలని పోగొట్టుకోవడం. ఆ ఏడుపుని మొండితనం అనుకుంటే ఇద్దరూ నష్టపోతారు.

టైము చూసుకుంటున్నాను. పెద్దపిల్లల గురించి చెప్పకుండా ముగిస్తే ఫోన్లు చేసి మరీ తిడతారు.

ఈ ఊరు పేరు 1954 దాకా ఎడిసన్ కాదు, రారిటన్ టౌన్‌షిప్. మెన్లో పార్కులో ప్రయోగశాల పెట్టిన థామస్ ఎడిసన్ పేరు ఆ ఏడాది పెట్టుకున్నారు. ఊరు పేరు మార్చుకున్నట్టే పేరు మార్చుకున్న వలసదారు ఒకాయన, 'ఐడెంటిటీ క్రైసిస్' అనే మాటని లోకానికిచ్చాడు. ఎరిక్ ఎరిక్సన్. 1902లో ఫ్రాంక్‌ఫర్టులో పుట్టాడు. తల్లి డెన్మార్కు యూదురాలు, తండ్రి ఎవరో ఆయనకి చివరిదాకా తెలియదు. పెంచిన తండ్రి పేరు హోంబర్గర్. యూదుల బడిలో, ఎర్రగా పొడుగ్గా ఉన్నాడని పరాయివాణ్ణి చేశారు. జర్మను బడిలో, యూదుడని పరాయివాణ్ణి చేశారు. 1933లో అమెరికా వచ్చి, 1939లో పౌరసత్వం తీసుకుంటూ పేరు ఎరిక్సన్ అని మార్చుకున్నాడు. ఎరిక్ కొడుకు అని అర్థం. తనకి తనే తండ్రి అన్నమాట.

ఆయన 1930లలో డకోటాకి వెళ్ళి, సూ తెగ ఆదివాసుల పిల్లల్ని చూశాడు. ప్రభుత్వ బడుల్లో వాళ్ళు పోటీ పడరు, డబ్బు దాచుకోరు, ముభావంగా ఉంటారని ఫిర్యాదులు. ఎరిక్సన్‌కి కనిపించింది వేరు. ఇంట్లో, ఉన్నది పంచడమే గొప్ప. బడిలో, దాచుకోవడమే గొప్ప. ఎవరినీ నొప్పించకుండా ఉండాలంటే ఆ పిల్లలకి మిగిలిన దారి మౌనం. పదమూడేళ్ళొచ్చాక మన పిల్లలు గది తలుపు వేసుకుని "నథింగ్" అని ఒక్కమాట చెప్పినప్పుడు ఈ సంగతి గుర్తొస్తుంది నాకు.

మన పిల్లల్ని వెక్కిరించడానికి 'ఏబీసీడీ' అని ఒక మాట ఉంది కదా, అమెరికాలో పుట్టి తికమకపడే దేశీ అని. ఎరిక్సన్ ప్రకారం ఆ వయసులో తికమక పడడమే పని. పడనివాళ్ళ గురించే కాస్త ఆలోచించాలి. 1966లో జేమ్స్ మార్షా అనే ఆయన దీన్నే విడదీసి చూశాడు. కొందరు యువకులు వెతికి వెతికి ఒక దారి పట్టుకుంటారు. కొందరు ఇంకా వెతుకుతుంటారు. కొందరు వెతకడమే లేదు. నాలుగోరకం, అసలు వెతక్కుండానే, అమ్మానాన్నలు చూపించిన దారిలో పన్నెండో ఏటే కూర్చున్నవాళ్ళు. "ఏం చదువుతావమ్మా?" "డాక్టర్." ఇల్లంతా ప్రశాంతం. ఓక్ ట్రీ రోడ్డు మీద ఎవరు ఎదురైనా మెచ్చుకుంటారు. ఆ ప్రశాంతత ఒక్కోసారి కాలేజీ రెండో ఏడాదిలో, ఆర్గానిక్ కెమిస్ట్రీ దగ్గర భళ్ళుమంటుంది. పెద్దవాళ్ళు చూపించిన దారి తప్పని కాదు. ఆ దారి తనది అవునో కాదో చూసుకునే అవకాశం ఆ పిల్లకి రాలేదు, అంతే.

దీనికి ఎదురుసాక్ష్యం కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. న్యూజెర్సీలో పెరిగిన సిక్కు కుటుంబం అమ్మాయి షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్‌తో కలిసి 1999లో ఒక పరిశోధన ప్రచురించారు. ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకి అక్షరాల పజిళ్ళు ఇచ్చారు. తెల్ల పిల్లలు తాము ఎంచుకున్న పజిలు అయితే బాగా చేశారు. చైనా, జపాను మూలాల పిల్లలు 'ఇది మీ అమ్మ ఎంచిపెట్టింది' అన్నప్పుడు అందరికన్నా బాగా చేశారు. కాబట్టి అమ్మ మాట వినే పిల్లలందరికీ వ్యక్తిత్వం లేదని ఇక్కడి కౌన్సిలర్ ఎవరైనా అంటే నమ్మకండి. మనసులో అమ్మ ఉన్నచోట, అమ్మ ఎంపిక కూడా తన ఎంపికే కావచ్చు. అయితే అది అమ్మ చెప్పిందన్నప్పటి మాట. ముక్కూమొహం తెలియని పరీక్షాధికారి ఎంచిపెట్టాడంటే మాత్రం ఈ పిల్లలూ బాగా చేయలేదు. దగ్గరితనం ఉంటేనే ఆ బలం. అది పోయి మార్కుల లెక్క ఒకటే మిగిలితే, పిల్ల దృష్టిలో మనమూ ఆ పరీక్షాధికారే.

చివరగా ఒక ముఖ్యమైన విషయం. పొందిక అనీ, దశ అనీ నేను చెప్పినవన్నీ మామూలు ఒడిదుడుకుల గురించి. రెండు వారాలకి మించి పిల్లవాడు తిండి, నిద్ర, స్నేహితులు, ఇష్టమైన ఆట అన్నీ వదిలేసి ఉంటే, బతకాలని లేదన్న మాట నోట వస్తే, అది వయసు అని సరిపెట్టుకోవద్దు, సామెతలు చెప్పవద్దు. పిల్లల డాక్టరుతోనో, బడి కౌన్సిలర్‌తోనో ఆ రోజే మాట్లాడండి. 2022 జులై నుంచి దేశమంతా 988 అనే మూడంకెల నంబరు ఉంది, ఏ వేళప్పుడైనా ఫోను చేయవచ్చు, టెక్స్ట్ చేయవచ్చు. పిల్లల గురించి తల్లిదండ్రులూ చేయవచ్చు. మన దక్షిణాసియా కుటుంబాల కోసమే న్యూజెర్సీలో సామ్‌హిన్ అనే స్వచ్ఛంద సంస్థ పనిచేస్తోంది. మన ఇళ్ళ సంగతి మొదటినుంచి వివరించాల్సిన పనిలేని మనుషులు కావాలంటే అక్కడ అడగవచ్చు. ఎవరికైనా తెలిస్తే సంబంధాలు రావేమో అన్న ఆలోచన ఒక్క రోజు పక్కన పెట్టండి.

ఆకలి, నిద్ర గురించి పంపిన ప్రశ్నలు ఇంకా ఏడెనిమిది ఉన్నాయి నా దగ్గర. వాటికి వచ్చే ఆదివారం జవాబులు చెబుతాను.